‘పుట్ అప్’: ఫైలు నుంచి ఆవకాయ దాకా

ఇంగ్లిష్ మాటల మీద పాఠకులకు కలిగే సందేహాలకు ఈ శీర్షికలో జవాబులు ఇస్తున్నాం. ఈసారి విజయవాడ, గుంటూరు పాఠకులు రాసిన ఉత్తరాలలో ఒకే క్రియ మళ్ళీ మళ్ళీ కనిపించింది. అందువల్ల ఉన్న చోటంతా ‘పుట్ అప్’ అనే ఆ ఒక్క మాటకే ఇస్తున్నాం.

ప్రశ్న: నేను ఆరు నెలల క్రితం ఒక ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంట్‌గా చేరాను. మొదటి వారంలోనే మా అధికారి ఒక అర్జీ మీద ‘పుట్ అప్ విత్ ద ఓల్డ్ ఫైల్’ అని రాసి మా సెక్షన్‌కు పంపారు. నిఘంటువు తెరిస్తే ‘పుట్ అప్ విత్’ అంటే భరించడం, సహించడం అని ఉంది. పాత ఫైలును భరించడమేమిటో పాలుపోక ఆ కాగితాన్ని రెండు రోజులు డ్రాయరులోనే ఉంచాను. తర్వాత సూపరింటెండెంట్ గారు చూసి, పాత ఫైలు వెతికించి, నా చేత నోటు రాయించి పైకి పంపించారు. మా ఆఫీసులో వాడేది తప్పు ఇంగ్లిషా, లేక నిఘంటువు చెప్పిన అర్థం అసంపూర్ణమా?
— ఒక ఉద్యోగిని, గొల్లపూడి, విజయవాడ

జవాబు: రెండూ సరైనవే అమ్మా. మీ అధికారి రాసిన వాక్యంలో ‘పుట్ అప్’ ఒక ముక్క, ‘విత్ ద ఓల్డ్ ఫైల్’ ఇంకొక ముక్క. మీరు నిఘంటువులో చూసినది మూడు మాటలూ కలిసి ఒకే క్రియగా నిలిచే వేరొక పదబంధం. కాగితం మీద రెండింటికీ అక్షరాలు ఒకటే అయినా విరుపు వేరు. ‘అప్’ దగ్గర ఆగితే ‘పాత ఫైలుతో కలిపి సమర్పించండి’ అని అర్థం. ఆగకుండా చదివితే ‘పాత ఫైలును ఓర్చుకోండి’ అని అర్థం. ఇలాంటి చిక్కు మన భాషలోనూ ఉంది. మీ ఉత్తరంలోనే ‘పాలుపోక’ అన్న మాట వాడారు. ‘పాలు పోలేదు’ అని విడదీస్తే గిన్నెలోని పాలు ఒలికిపోలేదని, ‘పాలుపోలేదు’ అని కలిపితే ఏం చేయాలో తోచలేదని మనకు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఇంగ్లిష్ పుట్టుభాషగా గలవారికి ‘పుట్ అప్ విత్’ విరుపు కూడా అలాగే తెలుస్తుంది. మనం మాత్రం దాన్ని ప్రత్యేకంగా నేర్చుకోవాలి.

ఏది ఏ ‘పుట్ అప్’ అన్నది తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ‘పుట్’కూ ‘అప్’కూ మధ్య ‘ఇట్’ అన్న మాట పెట్టి చూడండి. ‘పుట్ ఇట్ అప్ విత్ ద ఓల్డ్ ఫైల్’ అంటే వాక్యం చక్కగా నిలుస్తుంది, ‘దీన్ని పాత ఫైలుతో కలిపి పెట్టండి’ అని తేటగా బోధపడుతుంది. భరించడం అనే అర్థంలో అయితే ఆ మూడు మాటల మధ్య ఏదీ దూరదు. భరించే వస్తువో మనిషో ఎప్పుడూ ‘విత్’ తర్వాతే రావాలి. మీ అధికారి ఆ ‘ఇట్’ రాసి ఉంటే మీకు రెండు రోజుల ఇబ్బంది తప్పేది. కానీ ఫైళ్ళ మీద రాసే భాషలో కర్మపదాన్ని వదిలేసే అలవాటు పాతది. ‘పుట్ అప్ ఆన్ మండే’ అంటే దీన్ని సోమవారం మళ్ళీ నా ముందుకు తీసుకురండి అని. ‘పుట్ అప్ ఫర్ ఆర్డర్స్’ అంటే మన తెలుగు నోట్లలో ‘ఉత్తర్వుల కొరకు సమర్పించడమైనది’ అని రాసే మాటే.

ఇది మన ఆఫీసులు కల్పించుకున్న తప్పు ఇంగ్లిష్ అని కొందరు కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. ఒక ప్రతిపాదనను పెద్దల పరిశీలనకు ఉంచడాన్ని ‘పుట్ అప్ ఎ ప్రపోజల్’ అనడం ఇంగ్లండులోనూ ఉన్నదే. కింది సెక్షన్‌లో పుట్టిన కాగితం సూపరింటెండెంట్ బల్ల దాటి అధికారి బల్ల మీదికి ఎక్కుతుంది కాబట్టి ‘అప్’ అన్న మాట అక్కడ అక్షరాలా పొసుగుతుంది. మనం కూడా ‘ఫైలు పైకి వెళ్ళింది’, ‘నోటు పెట్టాను’ అంటాం కదా. ఇప్పుడు ఈ-ఆఫీసు వచ్చి కాగితం కదలడం మానేసినా ‘పుటప్ చేశారా?’ అన్న ప్రశ్న సెక్షన్లలో వినిపిస్తూనే ఉంది. అయితే ఆఫీసు గడప దాటిన తర్వాత ఈ వాడుకను మీతో తీసుకువెళ్ళకండి. బ్యాంకుకో, విశ్వవిద్యాలయానికో, విదేశీ సంస్థకో రాసేటప్పుడు ‘సబ్మిట్’ అనండి. ‘ప్లీజ్ పుట్ అప్ ద రిపోర్ట్’ అని రాస్తే, నివేదికను గోడకు అతికించమన్నారో, ఇంటర్నెట్‌లో పెట్టమన్నారో తెలియక అవతలివారు తికమకపడతారు.

ప్రశ్న: మా కంపెనీ పని మీద ఇంగ్లండు నుంచి ఒకాయన వచ్చి విజయవాడ హోటల్లో ఉన్నారు. ‘వేర్ ఆర్ యూ పుట్ అప్?’ అని అడిగితే వెంటనే హోటల్ పేరు చెప్పారు. అదే ప్రశ్న అమెరికాలో స్థిరపడిన ఒక సహోద్యోగిని ఫోనులో అడిగితే, ఆమె కాసేపు ఊరుకుని ‘సారీ?’ అన్నారు. వాక్యం తప్పా, మనుషులను బట్టి మారుతుందా?
— పట్టాభిపురం, గుంటూరు

జవాబు: వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. మీరు అడిగిన ఇద్దరి పరిస్థితులు వేరు. ఒకరికి తాత్కాలికంగా బస ఇవ్వడం, రాత్రికి ఇంట్లో ఉంచుకోవడం ‘పుట్ సమ్‌వన్ అప్’. కంపెనీవారు ఆయనను హోటల్లో దించారు కాబట్టి ఆ ప్రశ్న ఆయనకు అతికింది. పాత ఇంగ్లిష్‌లో ప్రయాణికులు సత్రంలో దిగడాన్ని కూడా ‘పుట్ అప్ ఎట్ ఎన్ ఇన్’ అనేవారు. సొంత ఇంట్లో కాపురముంటున్న మనిషిని అదే మాటతో అడిగితే, ‘నిన్ను ఎవరు ఎక్కడ దించారు?’ అన్నట్టు ఉంటుంది. మన దేశంలో మాత్రం ‘వేర్ ఆర్ యూ పుట్ అప్?’ అన్నది శాశ్వత నివాసానికి కూడా చెల్లిపోతోంది. బెజవాడలో పక్క సీటులో కూర్చున్న ప్రయాణికుడిని అడిగితే ‘కృష్ణలంక’ అనో ‘భవానీపురం’ అనో ఇట్టే జవాబు వస్తుంది. బయటి దేశాలవారితో మాట్లాడేటప్పుడు, ఇల్లు ఎక్కడని అడగాలంటే ‘వేర్ డూ యూ లివ్?’ అనండి; బస ఎక్కడని అడగాలంటే ‘వేర్ ఆర్ యూ స్టేయింగ్?’ అనండి.

ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటి చెప్పాలి. తిరుపతి వెళ్ళివచ్చినవారిని మనం ‘ఎక్కడ దిగారు?’ అని అడుగుతాం. బస చేయడానికి ఇంగ్లిష్ భాష ‘పైకి’ అన్న మాటను పట్టుకుంటే, తెలుగు ‘కిందికి’ అన్న మాటను పట్టుకుంది. మాటకు మాట పెట్టి అనువదించబోతే ఇలాంటి చోటనే కాలు జారుతుంది.

ప్రశ్న: మాస్టారూ, నేను పదో తరగతి చదువుతున్నాను. ‘దే పుట్ అప్ ద టెంట్’ సరైన వాక్యమని మా పుస్తకంలో ఉంది. ‘ద టెంట్’ బదులు ‘ఇట్’ పెట్టి ‘దే పుట్ అప్ ఇట్’ అని రాస్తే మార్కు తీసేశారు. ఎందుకు? ఇంకో సందేహం, భూతకాలంలో ‘పుటెడ్’ అనకూడదా?
— కొరిటెపాడు, గుంటూరు

జవాబు: బాబూ, మార్కు తీసేయడం న్యాయమే, కానీ కారణం నీకు చెప్పి ఉండాల్సింది. ‘పుట్ అప్ ద టెంట్’ అనవచ్చు, ‘పుట్ ద టెంట్ అప్’ అని కూడా అనవచ్చు. ‘ఇట్’, ‘దెమ్’, ‘హిమ్’ వంటి సర్వనామాలు వచ్చినప్పుడు మాత్రం అవి మధ్యలోనే కూర్చోవాలి: ‘పుట్ ఇట్ అప్’. దీన్ని చెవితో పట్టుకుంటే మరిచిపోవు. ఇలాంటి క్రియలలో ఒత్తు ‘అప్’ మీద పడుతుంది. సర్వనామం తేలికైన మాట, దాని మీద ఒత్తు ఉండదు. తేలిక మాట మధ్యలో ఒదిగి, బరువైన ‘అప్’ చివర నిలిస్తే వాక్యం లయ కుదురుతుంది. ‘పుట్ ఇట్ అప్’ అని పదిసార్లు గట్టిగా చదువు. తర్వాత ‘పుట్ అప్ ఇట్’ నీ చెవికే కుంటుతున్నట్టు వినిపిస్తుంది. ‘పుటెడ్’ అన్న రూపం లేదు. నిన్న చేసినా, రేపు చేసినా, చేసి ఉన్నా ‘పుట్’ ‘పుట్’గానే ఉంటుంది. అందువల్ల ‘హి పుట్ అప్ ఎ బోర్డ్’ అంటే ‘బోర్డు పెట్టాడు’ అని గతం. ‘హి పుట్స్ అప్ ఎ బోర్డ్’ అంటే ‘పెడతాడు’. ఆ చిన్న ‘స్’ ఒక్కటే కాలాన్ని మార్చేస్తుంది.

ఈ మాటకు ఎన్ని అర్థాలున్నాయో వరుసగా రాసుకుని బట్టీపట్టవద్దు. ‘లేపి నిలబెట్టు’ అన్న ఒక్క భావాన్ని మనసులో పెట్టుకుంటే సగానికి పైగా అర్థాలు వాటంతటవే వస్తాయి. తరగతిలో జవాబు తెలిసి చేయి ఎత్తడం, వానకు గొడుగు వేయడం, పెళ్ళికి పందిరి వేయడం, నోటీసు బోర్డు మీద కాగితం అంటించడం, ఎన్నికలలో అభ్యర్థిని నిలబెట్టడం, ఆడవారు జుట్టు ఎత్తి కొప్పు పెట్టుకోవడం — అన్నీ ‘పుట్ అప్’తోనే చెప్పవచ్చు. మన జట్టు స్కోరుబోర్డు మీద మంచి స్కోరు నిలిపితే ‘పుట్ అప్ ఎ గుడ్ టోటల్’. ఓడిపోయినా చివరిదాకా గట్టిగా పోరాడితే ‘పుట్ అప్ ఎ గుడ్ ఫైట్’.

ఈ తరహా క్రియలు మనల్నే కాదు, ఎప్పటినుంచో పరాయి భాషలవారందరినీ కష్టపెడుతున్నాయి. 1755లో ఇంగ్లిష్ నిఘంటువు వెలువరించిన శామ్యూల్ జాన్సన్ తన ముందుమాటలోనే, క్రియకు ఇలాంటి చిన్న మాటను చేర్చి అర్థాన్ని మార్చే పద్ధతి వల్ల విదేశీయులకు అన్నిటికన్నా ఎక్కువ కష్టం కలుగుతుందని ఒప్పుకున్నాడు. ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరు మాత్రం చాలా తర్వాతది. 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ ఆ పేరును వాడుతూ, దాన్ని తనకు సూచించినది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకులలో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని రాశాడు. మన ‘పెట్టు’ను కూడా ఒక్కసారి గుర్తు చేసుకో. పేరు పెట్టడం, వంక పెట్టడం, కబురు పెట్టడం, పేచీ పెట్టడం, చెవిన పెట్టడం, రాసిపెట్టడం — తెలుగు నేర్చుకునే ఇంగ్లిష్‌వాడికి ఇవి ఎంత కష్టంగా ఉంటాయో ఊహించు. నీకు ఇవన్నీ ఎవరూ పాఠంగా చెప్పకుండానే వచ్చాయి.

ప్రశ్న: మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. బయోడేటాలో ‘అందరితో సర్దుకుపోతుంది’ అన్న మాటను మా బంధువుల కుర్రవాడు ‘షి పుట్స్ అప్ విత్ ఎవ్రివన్’ అని రాసిపెట్టాడు. అమ్మాయి చూసి చాలా నొచ్చుకుని వెంటనే తీసేయమంది. సర్దుకుపోవడం అంటే అదే కదా, అందులో తప్పేముంది?
— ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మీ అమ్మాయి నొచ్చుకోవడం సబబేనండి. ఆ వాక్యం మీరు ఉద్దేశించిన దానికి దాదాపు వ్యతిరేకమైన అర్థాన్ని ఇస్తోంది. ‘పుట్ అప్ విత్’ వాడినప్పుడల్లా, ఎదుటిది ఇబ్బంది కలిగించే వస్తువో, విసిగించే మనిషో అన్న భావం తప్పనిసరిగా వచ్చి చేరుతుంది. ‘షి పుట్స్ అప్ విత్ ఎవ్రివన్’ అంటే చుట్టూ ఉన్నవారంతా సతాయించేవారే, ఆమె పళ్ళ బిగువున ఓర్చుకుంటోంది అని. రేపు వియ్యాలవారు చదివితే, ‘మమ్మల్ని కూడా ఇలాగే భరిస్తుంది కాబోలు’ అనుకునే ప్రమాదం ఉంది.

చిక్కంతా మన ‘సర్దుకుపోవడం’ అన్న మాట దగ్గరే ఉంది. అందులో రెండు అర్థాలు దాగి ఉన్నాయి. ఇరుకు బస్సులో పక్కవారికి చోటిచ్చినట్టుగా అందరితో సామరస్యంగా మెలగడం ఒకటి. నచ్చకపోయినా నోరు మెదపకుండా ఊరుకోవడం రెండోది. ‘మా కోడలు అందరితో సర్దుకుపోతుంది’ అని మెచ్చుకునేటప్పుడు మొదటి అర్థం. ‘ఇంకెన్నాళ్ళు సర్దుకుపోవాలి?’ అని కన్నీళ్ళు పెట్టుకునేటప్పుడు రెండో అర్థం. ‘పుట్ అప్ విత్’ ఆ రెండో దానికే సరిపోతుంది. మొదటి దానికి ‘షి గెట్స్ ఆన్ వెల్ విత్ ఎవ్రివన్’ అని రాయించండి. అమెరికా సంబంధమైతే ‘గెట్స్ అలాంగ్’ అంటే వారికి ఇంకా అలవాటైన మాట. నన్నడిగితే ఆడపిల్ల బయోడేటాలో ఆ మాట అసలు అవసరమా అన్నది వేరే ప్రశ్న. అబ్బాయిల బయోడేటాలలో ఆ వాక్యం నాకు ఎప్పుడూ కనబడలేదు.

‘పుట్ అప్ విత్’కు సరైన చోట్లు మన బెజవాడ వేసవిలో కావలసినన్ని దొరుకుతాయి. రోహిణి కార్తెలో అర్ధరాత్రి కరెంటు పోతే, చెమటతో తడిసిన దిండు తిరగేసుకుంటూ, విసనకర్ర కోసం చీకట్లో తడుముకుంటూ మనం చేసేదే ‘పుటింగ్ అప్ విత్ ద హీట్’. పై వాటాలోవారు తెల్లవారుజామున రోకలి పట్టుకుంటే ‘ఐ కాంట్ పుట్ అప్ విత్ దిస్ నాయిస్’. ఎక్కువగా ‘కాంట్’, ‘వోంట్’ వంటి కాదనే మాటల తోడుతోనే ఇది వస్తుంది. ఒక తేడా మాత్రం గమనించండి. ఇది చిరాకుకు చెల్లే మాట, దుఃఖానికి చెల్లదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి శోకాన్ని గురించి ‘పుట్ అప్ విత్’ అంటే చాలా చులకనగా ఉంటుంది. అక్కడ ‘బేర్’ అనే మాటే తగినది.

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో లెక్కలు రాస్తుంటాను. ‘ప్రైస్ వెంట్ అప్’ అనాలా, ‘ప్రైస్ వజ్ పుట్ అప్’ అనాలా? సరుకు అమ్మకానికి పెట్టడానికి, ఏసీలో పెట్టడానికి కూడా ‘పుట్ అప్’ వాడవచ్చునా?
— గుంటూరు

జవాబు: పెరగడానికీ పెంచడానికీ ఎంత తేడా ఉందో, ‘గో అప్’కూ ‘పుట్ అప్’కూ అంత తేడా ఉంది. యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) తక్కువగా వచ్చి, కొనేవారు ఎక్కువై ధర ఎగబాకితే అది ‘వెంట్ అప్’. అక్కడ పెంచిన మనిషిని వేలెత్తి చూపలేం. హోటల్ యజమాని ఇడ్లీ ప్లేటు ధర తానే నిర్ణయించి పెంచితే ‘హి పుట్ అప్ ద ప్రైస్’. ఇది బ్రిటిష్ వాడుక. అమెరికావారు ‘రెయిజ్’ అంటారు. అమ్మకానికి పెట్టడం ‘పుట్ అప్ ఫర్ సేల్’, వేలానికి పెట్టడం ‘పుట్ అప్ ఫర్ ఆక్షన్’. ఈ రెండూ తెలుగుకు అద్దం పట్టినట్టు ఉంటాయి. వ్యాపారానికి సొమ్ము సమకూర్చడం ‘పుట్ అప్ ద మనీ’. మన ‘పెట్టుబడి’లోనూ ఆ ‘పెట్టు’ ఉండనే ఉంది. కోల్డ్ స్టోరేజీని మీ గుంటూరువారు ముద్దుగా ‘ఏసీ’ అంటారు కానీ, సరుకు అందులో పెట్టడానికి ‘పుట్ అప్’ పనికిరాదు. ‘స్టోర్డ్ ఇన్ కోల్డ్ స్టోరేజ్’ అని రాయండి. పొరుగు రాష్ట్రం వ్యాపారికి ‘పుట్ ఇన్ ఏసీ’ అని రాస్తే చల్లగాలి మిషను పెట్టిన గదే ఆయన మనసులో మెదులుతుంది.

ప్రశ్న: ‘హూ పుట్ యూ అప్ టు దిస్?’ అన్న వాక్యంలో భరించడమూ లేదు, నిలబెట్టడమూ లేదు. మరి ఏముంది?
— లబ్బీపేట, విజయవాడ

జవాబు: ఎగదోయడం ఉంది. ‘నిన్ను ఎవరు ఎగదోశారు?’ అని అర్థం. వెనక ఉండి నూరిపోసి, ఒకరి చేత చేయకూడని పని చేయించడానికి ఈ మాట వాడతారు. మంచి పనికి వాడరు. ముందే మాట్లాడుకుని, నిజంగా జరిగినట్టు నమ్మించిన వ్యవహారాన్ని ‘పుట్ అప్ జాబ్’ అంటారు. దానికీ ఉద్యోగానికీ సంబంధం లేదు.

ప్రశ్న: నాయనా, నాకు డెబ్బై ఏళ్ళు దాటాయి. అమెరికాలో పుట్టిన మనవడు సెలవులకు వచ్చినప్పుడు ‘ఏం చేస్తున్నావు అమ్మమ్మా?’ అని ఇంగ్లిష్‌లో అడిగాడు. నాకు వచ్చిన ఇంగ్లిష్‌లో ‘ఐ పుట్ ఆవకాయ’ అన్నాను. వాడు ఇల్లంతా చూసి ‘ఎక్కడ పెట్టావు?’ అని అడిగాడు. ఆవకాయ పెట్టడాన్ని ఇంగ్లిష్‌లో ఏమనాలి?
— బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు సరైన మాటకు ఒక్క అడుగు దూరంలో ఆగారు. ‘అప్’ చేర్చి ‘ఐ పుట్ అప్ ఆవకాయ’ అని ఉంటే అది మంచి అమెరికా ఇంగ్లిష్ అయ్యేది. కాయలో పండ్లో విరివిగా దొరికే రోజులలో వాటిని ఏడాదికి సరిపడా నిల్వచేయడాన్ని అక్కడి పాతకాలపు ఇల్లాళ్ళు ‘పుట్ అప్’ అనే అనేవారు; పల్లెలలోని పెద్దవారు ఇప్పటికీ అంటారు. జాన్ మేసన్ అనే ఆయన 1858లో మరమూత గాజు జాడీకి పేటెంటు తీసుకున్నాడు. మనకు పింగాణీ జాడీ ఎలాగో, ఆయన పేరుతో పిలిచే ఆ గాజు జాడీ వారి వంటిళ్ళకు అలాగ. వారు అందులో పీచ్ పండ్లూ దోసకాయలూ పెట్టుకుంటే, మీరు టెంకతో సహా కొట్టించిన మామిడి ముక్కలకు ఆవపిండీ కారమూ ఉప్పూ పట్టించి, నూనె పోసి పెడతారు. చేసే పనీ ఒకటే, పలికే క్రియా ఒకటే. రెండు భాషలూ ఒకదాన్ని ఒకటి చూసి నేర్చుకున్నవి కావు కాబట్టి ఈ పోలిక నాకు మరీ ముచ్చటగా తోస్తుంది.

అయితే మీ మనవడు ఈ కాలపు పిల్లవాడు. వాడికి ఆ పాత మాట తెలియకపోతే ‘ఐ యామ్ మేకింగ్ ఆవకాయ’ అనండి, అదీ తప్పు కాదు. మూడో రోజు తిరగకలిపేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుంటే ‘స్టిర్’ అన్న మాట సరిపోతుంది. జాడీకి వాసెన కట్టడానికి మాత్రం నాకు తెలిసినంతలో ఇంగ్లిష్‌లో ఒక్క మాటగా ఏదీ లేదు. ‘ఐ యామ్ టైయింగ్ ఎ క్లాత్ ఓవర్ ద మౌత్ ఆఫ్ ద జార్’ అని అంత పొడుగునా చెప్పాల్సిందే.